కదలని బంతి, వణికే చెయ్యి

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా పాతపట్నంలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను ఆరోగ్యం, ఆటలు అన్న అంశం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. గోల్ఫు గురించి చెబుతానంటే ఆయన కళ్ళజోడు తీసి నా వైపు చూశారు. ఆయన అనుమానం న్యాయమైనదే. మన పాతపట్నంలో గోల్ఫు బంతిని కాస్త గట్టిగా కొడితే అది పర్లాకిమిడి దారి పడుతుంది. దాన్ని తెచ్చుకోవాలంటే రాష్ట్రం దాటాలి. మన సంఘం గదిలో ఉన్నది ఒక క్యారమ్ బోర్డు. దాని స్ట్రైకరు కూడా అంచు విరిగింది. అయినా ఈ ఆట మాట ఎందుకు ఎత్తానో పది నిమిషాల్లో మీకే తెలుస్తుంది.

ఈ రోజు డిసెంబరు 17. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పెన్షను ఎవరో దయతలచి ఇచ్చే ధర్మం కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని తేల్చింది. అందుకే మనకిది పండుగ రోజు. అయితే ఆ హక్కు చేతిలోకి రావాలంటే చాలాచోట్ల మనం ఇంకా ఒక చిన్న పని చెయ్యాలి. సంతకం పెట్టాలి. నా ప్రసంగం అసలు దాని గురించే. గోల్ఫు దారి మధ్యలో వస్తుంది.

రెండేళ్ళ క్రితం మా ఇంటావిడకు కంటి ఆపరేషను నిర్ణయమైంది. డబ్బు తీయడానికి ఒక బ్యాంకుకు వెళ్ళాను. విత్‌డ్రాయల్ ఫారం నింపి సంతకం పెట్టి ఇచ్చాను. కౌంటరు అవతల ఉన్న కుర్రవాడు కంప్యూటరు వైపు, కాగితం వైపు, నా వైపు చూసి, "తేడాగా ఉంది, మళ్ళీ పెట్టండి" అన్నాడు. రెండోసారి పెట్టాను. చెయ్యి వణికింది. మూడోసారి పెట్టేటప్పటికి నా వెనక వరసలో ఏడెనిమిది మంది. ఒకాయన గట్టిగా నిట్టూర్చాడు. నా పేరులోని మొదటి అక్షరమే నాకు కొత్తగా కనిపించింది. ఆ కుర్రవాడు మర్యాదగానే, "రేపు రండి సార్" అన్నాడు. తప్పు అతనిది కాదు. నేను ఖాళీ చేతులతో ఇంటికి వచ్చి, సర్వరు పనిచెయ్యలేదని మా ఆవిడకు అబద్ధం చెప్పాను.

అబద్ధం ఎందుకు చెప్పానో మీలో కొందరికి చెప్పకుండానే తెలుసు. 1978 నుంచి 2012 వరకు నేను ఖజానా శాఖలో పని చేశాను. ఇతరుల సంతకాలను నమూనాతో పోల్చి చూడడమే నా ఉద్యోగం. సరిపోలలేదని ఎర్ర సిరాతో ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు.

1984 ప్రాంతంలో ఒక ఊళ్ళో, ఊరి పేరు వద్దు, ఒక రిటైర్డ్ ఫారెస్టు గార్డు పెన్షనుకు వచ్చేవారు. ఒక నెల ఆయన సంతకం పి.పి.ఓ. పుస్తకంలోని సంతకానికి పోలలేదు. మళ్ళీ పెట్టమన్నాను. పెట్టారు. అది ఇంకా వంకర పోయింది. మళ్ళీ పెట్టమన్నాను. ఆయన కలం బల్ల మీద పెట్టి, "నా సంతకం నాకే రాకపోతే నానేటి సెయ్యగలను బాబూ?" అన్నారు. నేను కుర్రతనపు ధీమాతో పక్కకు నిలబడమని తరువాతి వారిని పిలిచాను. ఈ కథలో మిగతా సగం చివర చెబుతాను.

ఇక గోల్ఫు. మా అమ్మాయి కాపురం విశాఖపట్నంలో. అల్లుడికి ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బులో ఆడే స్నేహితులు ఉన్నారు. బ్యాంకులో ఆ సంగతి జరిగిన నెలలోనే ఒక ఉదయం నన్నూ వెంట తీసుకెళ్ళాడు. ఆట మనకు తెలియనిది. 18 గుంతలు ఉంటాయి. ఒక్కొక్క గుంతలో బంతిని వీలైనన్ని తక్కువ దెబ్బల్లో పడెయ్యాలి. బంతి బరువు 46 గ్రాములకు లోపే. గుంత వెడల్పు 108 మిల్లీమీటర్లు, అంటే మన ఇంట్లో కాఫీ సాసరు కంటే చిన్నది. దూరం నుంచి కొట్టడానికి బలం కావాలి. గుంత దగ్గరికి వచ్చాక నున్నటి పచ్చిక మీద చిన్న కర్రతో బంతిని మెల్లగా తోస్తారు. ఆ కర్రను పట్టర్ అంటారు.

అల్లుడి స్నేహితుల్లో పెద్దాయన ఒకరు, నేవీలో పని చేసి రిటైరైనవారు, నా చేతికి పట్టర్ ఇచ్చి ఆరడుగుల దూరంలో బంతి పెట్టారు. ఎవరూ చూడనప్పుడు మూడు కొడితే రెండు పడ్డాయి. నాకే ఆశ్చర్యం వేసింది. ఇంతలో అల్లుడు, మిగతావారు వచ్చి చుట్టూ నిలబడ్డారు. "మామగారు బాగా కొడుతున్నారే, ఏదీ ఒకటి వెయ్యండి" అన్నాడు అల్లుడు. చెయ్యి వణికింది. బంతి గుంతకు అడుగు పక్కగా పోయింది. అచ్చంగా బ్యాంకు కౌంటరు దగ్గర వణికినట్లే వణికింది.

ఆ పెద్దాయన నవ్వలేదు. "చూడండి గురువు గారూ, క్రికెట్లో బంతి మీ మీదికి వస్తుంది. ఆలోచించే తీరిక ఉండదు. ఇక్కడ బంతి కదలదు. మీరు కొట్టేదాకా అలాగే కూర్చుని మీ వైపు చూస్తుంటుంది. ఆ తీరికే మనిషిని పాడుచేస్తుంది" అన్నారు.

ఖజానా వాడిని కదా, ఇంటికి వచ్చి లెక్క వేశాను. సామాన్యమైన ఆటగాడు ఒక ఆటలో సుమారు 100 దెబ్బలు కొడతాడనుకుందాం. ఒక్కో దెబ్బకు రెండు సెకన్లు. మొత్తం 200 సెకన్లు, అంటే 3 నిమిషాల 20 సెకన్లు. ఆట సాగేది నాలుగు గంటలు. మిగిలిన 3 గంటల 56 నిమిషాల 40 సెకన్లు ఆటగాడు తన మనసుతోనే ఉంటాడు. పోయిన దెబ్బకు విచారం, రాబోయే దెబ్బకు భయం, పక్కవాడు ఏమనుకుంటాడోనన్న బెంగ. మన రిటైర్మెంటు జీవితం లెక్క కూడా ఇంచుమించు ఇంతే కదండీ.

తరువాత ఈ విషయం మీద కొంత చదివాను. బాగా అలవాటైన పనిని చేతులు వాటంతటవే చేసుకుపోతాయి. ఎవరైనా గమనిస్తున్నారని తెలిసినప్పుడు, ఫలితం మీద ఏదో ఆధారపడినప్పుడు, మనసు మధ్యలో దూరి ప్రతి కదలికనూ తనిఖీ చెయ్యడం మొదలుపెడుతుంది. అప్పుడు ఆ పని చెడుతుంది. అమెరికాలోని మిచిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో సియాన్ బైలాక్, థామస్ కార్ అనేవారు గోల్ఫులో ఈ పట్టర్ దెబ్బనే పరీక్షించి 2001లో ఈ సంగతి ప్రకటించారు. మెట్లు దిగేటప్పుడు ఏ కాలు ముందు వెయ్యాలా అని ఆలోచిస్తే మనం ఎక్కడ తేలతామో ఊహించుకోండి. సంతకమూ అటువంటిదే. యాభై ఏళ్ళుగా చెయ్యి పెడుతున్న సంతకాన్ని కౌంటరు దగ్గర మనసు పెట్టబోతుంది. మనసుకు సంతకం రాదు.

గోల్ఫు వాళ్ళు ఈ వణుకుకు ఒక పేరే పెట్టుకున్నారు. యిప్స్ అంటారు. గొప్ప గొప్ప ఆటగాళ్ళకు కూడా చిన్న దూరం నుంచి బంతిని తోసేటప్పుడు చెయ్యి ఒక్కసారిగా ఎగిరిపడుతుంది. వైద్యులు దీన్ని రెండు కొసలున్న తాడుగా చూస్తారు. ఒక కొసన నరాల సంబంధమైన లోపం, రెండో కొసన భయం. చాలామంది మధ్యలో ఎక్కడో ఉంటారు. పందొమ్మిదో శతాబ్దంలోనే ఇంగ్లాండులో రోజంతా రాసే గుమాస్తాలకు కలం పట్టుకోగానే వేళ్ళు బిగుసుకుపోయే జబ్బును వైద్యులు గుర్తించారు. అది మన కులం జబ్బే. గుమాస్తాల కులం.

ఇక్కడ ఒక హెచ్చరిక. వణుకంతా మనసు చేసే అల్లరే అనుకోకండి. వయసుతో వచ్చే వణుకు ఉంది. థైరాయిడ్ వల్ల, కొన్ని ఉబ్బసం మందుల వల్ల కూడా చేతులు వణుకుతాయి. ఖాళీగా ఒడిలో పెట్టుకున్న చెయ్యి కూడా వణుకుతుంటే, రాత నానాటికీ చిన్నదైపోతుంటే ఆలస్యం చెయ్యకుండా నరాల వైద్యునికి చూపించుకోండి. నేనూ ముందు శ్రీకాకుళం వెళ్ళి డాక్టరు గారికి చూపించుకున్నాను. నాది వయసు వణుకేననీ, కంగారు పడితే అది రెట్టింపవుతుందనీ ఆయన చెప్పారు. వయసును ఆయన తగ్గించలేరు. కంగారు సగం నా చేతిలో ఉంది.

ఇక జర్మనీ ఆటగాడు బెర్న్‌హార్డ్ లాంగర్ సంగతి. ఆయన్ని ఈ యిప్స్ చిన్న వయసు నుంచీ ఒకటికి రెండుసార్లు కాదు, పలుమార్లు పట్టింది. చేతులు మార్చి పట్టుకున్నారు. ఒక చేత్తో రెండో ముంజేతిని అదిమిపట్టి ఆడారు. తరువాత పొడుగాటి పట్టర్ వాడారు. చూసినవాళ్ళు నవ్వుకున్నా ఆయన పట్టించుకోలేదు. 1985లోనూ, 1993లోనూ మాస్టర్స్ పోటీ గెలిచారు. ఆ రెంటి మధ్య 1991లో యూరప్, అమెరికా జట్ల రైడర్ కప్ పోటీ మొత్తం ఆయన చివరి దెబ్బ మీద ఆధారపడింది. ఆరడుగుల దూరం, నాకు పెట్టినంతే. బంతి గుంతలో పడలేదు. యూరప్ కప్పు పోయింది. ఆయన మంచం ఎక్కలేదు. మరుసటి వారమే తన దేశంలో జరిగిన పోటీ గెలిచారు. 2023లో, 65 ఏళ్ళ వయసులో, యు.ఎస్. సీనియర్ ఓపెన్ గెలిచారు. అది మన వయసు. వణుకు రాని చెయ్యి కాదు ఆయనది. వణుకుతో కాపురం చెయ్యడం నేర్చుకున్న చెయ్యి.

మరి ఆటగాళ్ళు చేసేది ఏమిటి? నేను గ్రహించినవి మూడు.

మొదటిది చూపు. కెనడాలో కాల్గరీ విశ్వవిద్యాలయానికి చెందిన జోన్ వికర్స్ 1990లలో గోల్ఫు ఆటగాళ్ళ కళ్ళు ఎటు తిరుగుతున్నాయో పరికరాలతో కొలిచి చూశారు. మంచి ఆటగాడి చూపు కొట్టబోయే ముందు రెండు మూడు సెకన్ల పాటు బంతి మీద ఒక్కచోట నిలుస్తుంది. తక్కువవాడి చూపు బంతి మీదికీ, గుంత మీదికీ, కర్ర మీదికీ పరుగులు పెడుతుంది. చూపు నిలిస్తే మనసుకు తిరగడానికి చోటు తగ్గుతుంది.

రెండోది ఊపిరి. దీనికి గోల్ఫు దాకా పోనక్కరలేదు. మన పక్కనున్న వీరఘట్టం బిడ్డ కోడి రామ్మూర్తి నాయుడు గారు ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఛాతీ మీద ఏనుగును ఎక్కించుకున్నారనీ, భుజాలకు తాళ్ళు కట్టించుకుని కార్లను కదలకుండా ఆపారనీ మన తాతలు చెప్పేవారు. కలియుగ భీముడనిపించుకున్న ఆయన కండలతో పాటు ప్రాణాయామాన్ని కూడా సాధన చేశారు. మనకు ఏనుగు అవసరం లేదు. ఒక్క దీర్ఘమైన నిశ్వాసం చాలు. ఊపిరి వదులుతున్నప్పుడు భుజాలు దిగుతాయి, వేళ్ళు సడలుతాయి.

మూడోది, జరిగిపోయిన దాన్ని అక్కడే వదలడం. దీనికి మనకు ఆమదాలవలస దగ్గర వూసవానిపేట ఆడపిల్ల కరణం మల్లీశ్వరి ఉంది. ఇనుప బరువు కూడా గోల్ఫు బంతి లాంటిదే, కదలకుండా కూర్చుని ఎదురు చూస్తుంది. 1994, 1995 సంవత్సరాల్లో ప్రపంచ విజేత అయిన ఆమె 2000 సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్స్‌లో 110, 130, మొత్తం 240 కిలోలు ఎత్తింది. చివరి ప్రయత్నంలో 137.5 కిలోలు పెట్టించుకుంది. అది లేచి నిలిస్తే స్వర్ణం. నిలవలేదు. అయినా కంచు పతకం వచ్చింది. ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ ఆమె. 137.5 కిలోలు లేవలేదని, అంతకు ముందు లేచిన 130 కిలోలు కింద పడిపోలేదు. నేను ఈ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. ఒక రోజు సంతకం కుదరలేదని ముప్పై నాలుగేళ్ళ సర్వీసు ఎక్కడికీ పోలేదు.

ఇవన్నీ నేను సంతకానికి ఎలా వాడుకున్నానో చెబుతాను. నిలబడి సంతకం పెట్టడం మానేశాను. కూర్చుంటాను. మోచెయ్యి బల్ల మీద ఆనిస్తాను. కాస్త లావుపాటి కలం వాడతాను. పాత సంతకాన్ని గుర్తు తెచ్చుకుని దిద్దబోను. కలం మోపవలసిన చోటును మాత్రం చూస్తాను. ఊపిరి వదులుతూ ఒక్క ఊపులో రాసేస్తాను. ఇంటి దగ్గర రోజూ పది సంతకాలు ఇలా పెట్టాను. ఆఖరి అయిదూ మా మనవడిని ఎదురుగా నిలబెట్టుకుని, "తొందరగా, తొందరగా" అని అరవమనేవాడిని. వాడికి అంతకన్నా ఇష్టమైన పని లేదు.

ఫలితం ఏమిటంటారా? అద్భుతం జరగలేదు. మొదట్లో నాలుగుసార్లలో మూడుసార్లు కుదిరేది. ఆ నాలుగోసారి కోసం బ్యాంకులో దరఖాస్తు ఇచ్చి, ఇప్పటి చేతి సంతకాన్నే కొత్త నమూనాగా నమోదు చేయించుకున్నాను. ఇది చాలామంది చెయ్యని పని. ఇరవయ్యేళ్ళ కిందటి చేతితో ఈనాటి చెయ్యి పోటీ పడనక్కరలేదు. అసలు సంతకమే పెట్టలేని వృద్ధులకు, రోగులకు వేలిముద్ర సౌకర్యం ఉంది. ఇద్దరు సాక్షులు గుర్తించాలి, అందులో ఒకరు బ్యాంకు అధికారి కావాలి. ఇక లైఫ్ సర్టిఫికెట్ సంగతి. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చింది. వేలిముద్రతో, కంటిపాపతో, 2021 నుంచి ముఖం చూపించి కూడా ఇవ్వవచ్చు. కుదిరిన చోట వాడుకోండి. లాంగర్ గారు పొడుగు పట్టర్ వాడినందుకు సిగ్గుపడలేదు. మనమెందుకు సిగ్గుపడాలి?

అన్నట్టు, మా ఆవిడకు నిజం చెప్పేశాను. సర్వరు సంగతి ఆవిడ ఆ రోజే నమ్మలేదట. ఆపరేషను బాగా జరిగింది. ఆవిడ ఇక్కడే రెండో వరసలో కూర్చుని నన్ను చక్కగా చూస్తోంది.

ఇక ఫారెస్టు గార్డు గారి కథలో మిగతా సగం. ఆయన పక్కన నిలబడి ఉండగా మా అకౌంటెంటు గారు సీట్లోంచి లేచి వచ్చారు. ఒక స్టూలు వేయించారు. మంచినీళ్ళు ఇప్పించారు. మెళియాపుట్టి వైపు వానలు పడ్డాయా, జీడిమామిడి పూత ఎలా ఉంది అని అడిగారు. ముసలాయన చెప్పుకొచ్చారు. మాటల మధ్యలో అకౌంటెంటు గారు కాగితం ముందుకు జరిపి, తాను కిటికీ వైపు తిరిగారు. సంతకం పడింది. పుస్తకంలో ఉన్నట్లే పడింది. అకౌంటెంటు గారికి ఏదో మంత్రం వచ్చునని అప్పుడు అనుకున్నాను. అది మంత్రం కాదని తెలియడానికి నాకు ముప్పై ఎనిమిదేళ్ళు పైన పట్టింది.

ఆ తెలివి కూడా గోల్ఫు మైదానమే చెప్పింది. నేను బంతి పోగొట్టుకున్న తరువాత వాళ్ళు ఆడుతుంటే చూశాను. ఒకరు బంతి ముందు నిలబడగానే మిగతావారంతా మాట ఆపేశారు. ఎవరూ కదలలేదు. ఎవరూ ఆయన కంటికి ఎదురుగా నిలబడలేదు. బంతికీ గుంతకూ మధ్య దారిని ఎవరూ తొక్కలేదు. పందెంలో ఎదుటి పక్షం వారు కూడా! అది ఆ ఆట మర్యాద అని ఆ పెద్దాయన చెప్పారు. ఓడించాలనుకున్న వాడికే అంత నిశ్శబ్దం ఇస్తారే, మన కౌంటర్ల దగ్గర మన తోటి ముసలివాడికి మనం ఏమిస్తున్నాం? వెనక నుంచి నిట్టూర్పు ఇస్తున్నాం.

అందుచేత నా మనవి ఒక్కటే. తోటి సభ్యుణ్ణి తోడు తీసుకుని బ్యాంకుకు వెళ్ళినప్పుడు ఆయనకు కుర్చీ అడగండి. వరసలో వెనక ఉన్నవారితో మీరే నాలుగు మాటలు కలపండి. ఆయన కలం పట్టుకోగానే ఆయన చేతి వైపు చూడకండి. కిటికీ వైపు చూడండి. మీ ఇళ్ళల్లో పిల్లలు కౌంటర్ల అవతల ఉద్యోగాలు చేస్తుంటే ఈ మాట వారికి కూడా చెప్పండి.

ఆ ఫారెస్టు గార్డు గారు ఇప్పుడు లేరు. ఆయనకు చెప్పవలసిన క్షమాపణ మీ అందరి ముందు చెప్పుకుంటున్నాను.

 హాజరు పుస్తకంలో ఇంకా సంతకాలు పెట్టనివారు భోజనాలకు ముందే పెట్టండి. కార్యదర్శి గారు కిటికీ వైపు చూస్తారు.